గట్టు మీది పిల్లలకు మైదానంలో చోటెప్పుడు?

హౌరా అనగానే తెలుగువారికి ముందుగా స్ఫురించేది రైలు ప్రయాణం. సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కినవారు దిగేది హౌరాలోనే. చెన్నై నుంచి కోస్తాంధ్ర మీదుగా సాగే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు ఆగే షాలిమార్ కూడా ఈ నగరంలోనిదే. స్టేషన్ వెలుపలికి రాగానే హుగ్లీ నది, 1943లో రాకపోకలు మొదలైన ఉక్కు వంతెన, ఆవలి ఒడ్డున కలకత్తా మహానగరం కనిపిస్తాయి. ప్రయాణికుల్లో అత్యధికులు ఆ వంతెన దాటి వెళ్ళిపోతారు. వెనుక మిగిలిన హౌరా సందుల్లోకి తొంగి చూసేవారు తక్కువ. ఇనుప ఫౌండ్రీలు, లేత్ యంత్రాలు, జనపనార మిల్లులతో ఒకప్పుడు తూర్పు దేశపు షెఫీల్డ్‌గా పేరు మోసిన పారిశ్రామిక నగరమిది. గంజాం, విశాఖ ప్రాంతాల నుంచి తెలుగు కార్మికులు సైతం హుగ్లీ తీరపు మిల్లులకు వలస వచ్చిన చరిత్ర ఉంది.

2011 జనాభా లెక్కల ప్రకారం 1,467 చదరపు కిలోమీటర్ల హౌరా జిల్లాలో 48.5 లక్షల మంది నివసిస్తున్నారు. చదరపు కిలోమీటరుకు 3,306 మంది. అప్పటి జాతీయ సగటు 382 మాత్రమే. పశ్చిమ బెంగాల్ సగటు 1,028. మనుషులకే చోటు చాలని ఇటువంటి ఊళ్ళో పిల్లల ఆటలకు చోటు ఎక్కడ? పాత నగరపు ఇరుకు వీధుల్లో బడికి ముంగిలే మైదానం. అది కూడా లేనిచోట వరండాయే గతి.

అటువంటి బడిలో ఆటల పీరియడ్‌ను ఊహించుకోవటం కష్టం కాదు. గంట కొట్టగానే పిల్లలందరూ కేరింతలు కొడుతూ బయటకు ఉరుకుతారు. ఒక్కరు మాత్రం నెమ్మదిగా వచ్చి గట్టు మీద కూర్చుంటారు. కాలికి కాలిపరు ఉన్న బాలుడు కావచ్చు, చూపు మందగించిన బాలిక కావచ్చు, చెప్పిన మాట ఆలస్యంగా గ్రహించే బిడ్డ కావచ్చు. తోటి పిల్లల చెప్పులకు కాపలా కాయటం, పాయింట్లు లెక్కించటం ఆ బిడ్డకు అప్పగించే పని. 'పాపం, పడిపోతాడు' అన్న జాలితోనే ఉపాధ్యాయుడు ఈ ఏర్పాటు చేస్తారు. దీనికి బడి భాషలో పేరు 'మినహాయింపు'. హౌరాలోనే కాదు, అనకాపల్లిలోనైనా, నల్లగొండలోనైనా ఈ దృశ్యం కొత్తది కాదు. లెక్కల పాఠం నుంచి గానీ, వాచకం నుంచి గానీ ఏ బిడ్డకూ దొరకని మినహాయింపు వ్యాయామ విద్య నుంచి మాత్రం ఇంత సులువుగా ఎందుకు దొరుకుతున్నది? అది దయా, లేక దయ ముసుగులో జరిగే వెలివేతా? ప్రాథమిక పాఠశాలల్లో సహిత వ్యాయామ విద్యపై జరగవలసిన చర్చ అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

తరగతికి ఒకరు

సమస్య కొద్దిమందిదే కదా అని తోసిపుచ్చటానికి వీల్లేదు. 2011 జనాభా లెక్కల్లో దేశవ్యాప్తంగా 2.68 కోట్ల మంది వికలాంగులు నమోదయ్యారు. మొత్తం జనాభాలో వీరు 2.21 శాతం. బాలల విషయానికి వస్తే, యునెస్కో 2019లో భారతదేశ విద్యా స్థితిపై వెలువరించిన నివేదిక ఆ జనాభా లెక్కల ఆధారంగానే 78 లక్షలకు పైగా పిల్లలు వైకల్యంతో జీవిస్తున్నారని పేర్కొంది. దేశంలోని మొత్తం బాలల్లో ఇది 1.7 శాతం. అంటే సుమారు 60 మంది పిల్లలకు ఒకరు. పెద్ద తరగతి అయితే గదికి ఒకరన్న మాట. పైగా 2011లో జనగణన చేసినవారు అడిగింది 8 రకాల వైకల్యాల గురించి మాత్రమే. 2016 నాటి చట్టం 21 రకాలను గుర్తించింది. బెంగాల్‌లో ఎక్కువగా కనిపించే తలసీమియా, నేర్చుకోవటంలో ఎదురయ్యే ప్రత్యేక ఇబ్బందులు ఈ కొత్త జాబితాలో ఉన్నాయి. కాబట్టి అసలు సంఖ్య నమోదైన దానికంటే ఎక్కువే అయి ఉంటుందన్నది స్పష్టం.

అదే నివేదిక మరో చేదు నిజాన్ని బయటపెట్టింది. వైకల్యం ఉన్న అయిదేళ్ళ పిల్లల్లో నాలుగింట మూడు వంతుల మంది ఏ విద్యాసంస్థకూ వెళ్ళటం లేదు. 5 నుంచి 19 ఏళ్ళ మధ్యవారిలో 27 శాతం మంది బడి గడప తొక్కనే లేదు. ఇన్ని అవరోధాలు దాటి, తల్లి చంకనెక్కి గానీ, తోబుట్టువు చేయి పట్టుకొని గానీ బడికి చేరిన బిడ్డను తీరా ఆటల వేళ గట్టు మీద కూర్చోబెట్టటం శోచనీయం. బడిలో స్నేహాలు కుదిరేది, తగవులు తీరేది, ఓటమిని ఓర్చుకోవటం అలవడేది ఆటస్థలంలోనే. అక్కడ చోటు లేని బిడ్డకు తరగతి గదిలో దొరికిన చోటు సగం చోటే.

శరీరారోగ్యం రీత్యా చూసినా మినహాయింపు తర్కానికి నిలవదు. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలపాటు ఒళ్ళు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. వైకల్యం ఉన్న పిల్లలకూ అదే సిఫారసు వర్తింపజేశాయి. కదలిక తగ్గితే కండరాలు బిగుసుకుపోతాయి, బరువు పెరుగుతుంది, ఉన్న శక్తి సైతం సన్నగిల్లుతుంది. ఎవరికి వ్యాయామం ఎక్కువ అవసరమో వారినే దానికి దూరంగా ఉంచటం ఎంతటి విపరీతమో వేరే చెప్పనక్కరలేదు.

చట్టం మాట, పాఠశాల బాట

చట్టం విషయంలో లోటు లేదు. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన ఒడంబడికను భారతదేశం 2007 అక్టోబర్ 1న ధ్రువీకరించింది. పాఠశాల వ్యవస్థలోని క్రీడలతో సహా ఆటపాటలన్నింటిలో వికలాంగ బాలలకు సమాన ప్రవేశం కల్పించాలని ఆ ఒడంబడిక 30వ అధికరణం నిర్దేశిస్తుంది. దానికి అనుగుణంగా వచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చింది. ప్రభుత్వ సహాయం గానీ గుర్తింపు గానీ పొందిన ప్రతి విద్యాసంస్థా ఈ పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలనీ, చదువుతోపాటు క్రీడా వినోద అవకాశాలను ఇతరులతో సమానంగా కల్పించాలనీ చట్టంలోని 16వ సెక్షన్ చెబుతున్నది. 'ఇతరులతో సమానంగా' అన్న మాట ఇక్కడ గమనార్హం. గట్టు మీద కూర్చొని చూడటం సమానావకాశం కిందికి రాదు.

చిక్కంతా చట్టానికీ ఆటస్థలానికీ మధ్య ఉన్న ఖాళీలో ఉంది. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం, అవరోధాల్లేని దారి, తరగతికి అవసరమైన ఆట సామగ్రి ఉండాలని తన అనుబంధంలో పేర్కొంది. కానీ ఆ సామగ్రితో ఆడించవలసిన మనిషి సంగతి వచ్చేసరికి తేడా చూపింది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు, విద్యార్థుల సంఖ్య 100 దాటినచోట, ఆరోగ్య వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలన్నది. ఒకటి నుంచి అయిదో తరగతి వరకు అటువంటి నిబంధన ఏదీ లేదు. పిల్లల సంఖ్య 60 లోపు ఉంటే అయిదు తరగతులకూ కలిపి ఇద్దరు ఉపాధ్యాయులే. తెలుగు రాష్ట్రాల్లో సైతం వ్యాయామోపాధ్యాయుల పోస్టులు ప్రధానంగా ఉన్నత పాఠశాలలకే పరిమితమన్నది విదితమే.

పరుగు, గెంతు, విసురు, పట్టు వంటి మౌలిక కదలికలు కుదురుకునే వయస్సు ఆరు నుంచి పదేళ్ళ మధ్య. సరిగ్గా ఆ వయస్సులోనే శిక్షణ పొందిన వ్యాయామ గురువు లేడు. అక్షరాలు దిద్దించే ఉపాధ్యాయుడే ఈల పట్టాలి. హాజరు, మధ్యాహ్న భోజనం, పై అధికారులకు పంపవలసిన లెక్కల నడుమ ఆయనకు ఆటల పీరియడ్ ఊపిరి పీల్చుకునే విరామం కావటంలో ఆశ్చర్యం లేదు. తరగతిలో ఒక బిడ్డకు వేరే విధంగా ఆట నేర్పాలంటే ఎలాగో ఆయనకు చెప్పినవారు తక్కువ.

ప్రత్యేక ఉపాధ్యాయుల కొరత దీనికి తోడైంది. 2021 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఈ అంశంపై తీర్పు చెప్పింది. తదనుగుణంగా 2022 సెప్టెంబర్‌లో కేంద్రం ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలు గల ప్రతి 10 మంది పిల్లలకు, ప్రాథమికోన్నత స్థాయిలో ప్రతి 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని నోటిఫై చేసింది. అయినా పోస్టుల మంజూరు నత్తనడకన సాగటంతో 2025 మార్చిలో న్యాయస్థానం రాష్ట్రాలకు మరోసారి ఆదేశాలివ్వవలసి వచ్చింది. ఒకే ప్రత్యేక ఉపాధ్యాయుడు పలు బడులు తిరిగే పద్ధతిలో ఆయన వచ్చిన రోజు చదువుకే సమయం చాలదు. ఇక ఆటల మాట ఎక్కడిది?

రోజుకు 25 రూపాయలు

నిధుల సంగతి చూద్దాం. 2018లో మొదలైన సమగ్ర శిక్షా పథకం కింద క్రీడా సామగ్రికి ప్రాథమిక పాఠశాలకు ఏటా 5,000 రూపాయలు, ప్రాథమికోన్నత పాఠశాలకు 10,000, ఉన్నత పాఠశాలకు 25,000 వరకు గ్రాంటు ఇవ్వటానికి వీలుంది. విద్యాహక్కు చట్టం ప్రాథమిక తరగతులకు నిర్దేశించిన పనిదినాలు 200. భాగిస్తే బడి మొత్తానికి రోజుకు 25 రూపాయలు. ఒక మంచి ఫుట్‌బాల్, రెండు తాళ్ళు, నాలుగు రింగులు కొనేసరికి చేతిలో మిగిలేది స్వల్పం. దీనికి వేరుగా, ప్రత్యేక అవసరాలు గల ఒక్కొక్క విద్యార్థికి ఏటా 3,500 రూపాయల కేటాయింపు ఉన్నప్పటికీ, వైద్య పరీక్షలు, ఉపకరణాలు, పుస్తకాలు, రవాణా వంటి అవసరాలన్నీ ఆ పద్దులోనే ఇమడాలి.

అయితే డబ్బు లేకపోవటమే ప్రధాన కారణమనుకుంటే పొరపాటే. సహిత వ్యాయామ విద్యకు కావలసిన వస్తువుల్లో అధికభాగం ఇంట్లోనో, బడిలోనో దొరికేవే. బంతికి ప్లాస్టిక్ సంచి చుట్టి ముడివేస్తే అది దొర్లినప్పుడల్లా చప్పుడు చేస్తుంది. చూపు లేని బిడ్డ ఆ చప్పుడును అనుసరించి బంతిని అందుకుంటుంది. పాత చీరను పేనితే దారి చూపే తాడు అవుతుంది. గాలి బుడగ నెమ్మదిగా కిందికి దిగుతుంది కనుక చేతులు ఆలస్యంగా కదిలే బిడ్డకు అది బంతికంటే అనువైనది. ఈల వినబడని బాలుడికి రంగు గుడ్డ ఊపితే చాలు. కావలసింది వస్తువులకంటే ముందు ఆలోచన.

ఆట నియమమే అడ్డుగోడ

ఆ ఆలోచన ఏమిటి? బిడ్డను ఆటకు తగినట్టు మార్చలేనప్పుడు ఆటను బిడ్డకు తగినట్టు మార్చటమే. ఇందుకు అంతర్జాతీయంగా ఉపాధ్యాయులు పాటించే సులభ సూత్రంలో నాలుగు అంశాలున్నాయి: స్థలం, చేయవలసిన పని, పరికరం, తోటి మనుషులు. ఒక బిడ్డ ఆటలో ఇమడకపోతే ఈ నాలుగింటిలో ఏదో ఒకటి మార్చి చూడాలి. గీతను దగ్గరకు జరపటం స్థలాన్ని మార్చటం. పరుగుకు బదులు నడకకు అనుమతించటం పనిని మార్చటం. గట్టి బంతికి బదులు మెత్తని బంతి ఇవ్వటం పరికరాన్ని మార్చటం. తోడుగా ఒక నేస్తాన్ని జత చేయటం మనుషుల అమరికను మార్చటం.

హౌరా వీధుల్లో పిల్లలు ఆడే ఆటలనే ఉదాహరణగా తీసుకోవచ్చు. వాటిలో పెక్కు తెలుగు పిల్లలకు వేరే పేర్లతో చిరపరిచితాలు. బెంగాలీ పిల్లల 'కుమీర్ డాంగా' మన నేల-బండ ఆటకు తోబుట్టువు. అక్కడ దొంగ మొసలి, నేల నీరు, ఎత్తయిన గట్టు క్షేమస్థలం. చక్రాల కుర్చీలో ఉన్న బిడ్డ గట్టెక్కలేదు కనుక ఆటకు దూరమవుతుంది. గట్టుకు బదులు సుద్దముక్కతో నేల మీద వలయాలు గీసి, అవే క్షేమస్థలాలని ప్రకటిస్తే ఆ అడ్డంకి తొలగిపోతుంది. ఆట రుచి ఏమాత్రం తగ్గదు. 'కానామాఛి' మన కళ్ళగంతలాటే. కళ్ళకు గంతలు కట్టగానే చూపున్న పిల్లలు తడబడతారు. చప్పుడును బట్టి మనిషిని గుర్తించటంలో ఆరితేరిన అంధ బాలిక ఆ ఆటలో అందరికీ గురువవుతుంది. 'ఎక్కా దొక్కా' మన తొక్కుడుబిళ్ళ. ఒంటికాలిపై గెంతలేనివారు రెండు కాళ్ళతో నడిచి గడులు దాటవచ్చుననీ, బిళ్ళను గురిగా వేయటానికే పాయింట్లు ఎక్కువనీ నియమం మార్చితే సరిపోతుంది.

ఈ మార్పులను పరిశీలిస్తే మరో విషయం బోధపడుతుంది. మామూలు ఆటల్లో కొన్ని నియమాలే వెలివేతకు మూలం. 'అవుట్ అయినవారు పక్కన కూర్చోవాలి' అన్నది అందులో మొదటిది. ముందుగా అవుట్ అయ్యేది ఎవరు? నెమ్మదిగా కదిలేవారు, లావుగా ఉన్నవారు, బలహీనులు. అంటే వ్యాయామం అవసరమైనవారే ఎక్కువసేపు కూర్చుంటారు. అవుట్ అయినవారు పది చప్పట్లు కొట్టి మళ్ళీ ఆటలోకి రావచ్చునంటే ఆ దోషం పోతుంది. ఇద్దరు నాయకులు ఒక్కొక్కరినీ ఏరుకుంటూ జట్లు కట్టటం రెండోది. చివరకు ఎవరూ కోరుకోని బిడ్డ ఒంటరిగా నిలబడటం ఏ వైకల్యమూ లేని పిల్లలు సైతం అనుభవించే అవమానమే. అంకెలు చెప్పించి జట్లు విడదీస్తే ఆ అవమానం తప్పుతుంది. వికలాంగ బాలుడి కోసం చేసిన మార్పు వల్ల చదువులో వెనుకబడిన పిల్లవాడు, పౌష్టికాహారం చాలని బిడ్డ, ఆటలంటే బిడియపడే ఆడపిల్ల కూడా బాగుపడతారు. సహిత విద్య అన్న మాటకు అసలు అర్థం ఇదే.

వృత్తంలో చివరివారు లేరు

బెంగాల్‌కు ఈ ఆలోచన పూర్తిగా పరాయిది కాదు. 1928 ప్రాంతంలో హౌరా జిల్లా మేజిస్ట్రేటుగా పనిచేసిన గురుసదయ్ దత్ 1932లో 'బ్రతచారి' ఉద్యమాన్ని ప్రారంభించారు. జానపద నృత్యాలను, పాటలను, శ్రమదానాన్ని మేళవించిన ఈ వ్యాయామ పద్ధతిలో కులం, మతం, లింగం, వయస్సు అన్న తేడా లేకుండా అందరూ పాల్గొనవచ్చు. జ్ఞానం, శ్రమ, సత్యం, ఐక్యత, ఆనందం అన్న అయిదు వ్రతాలు దానికి పునాది. బెంగాల్ పాఠశాలల్లో తరతరాల పిల్లలు బ్రతచారి అడుగులు నేర్చారు.

బ్రతచారిలోని కాఠీ నృత్యం మన కోలాటానికి దగ్గర బంధువు. వలయంగా చేరి, తాళానికి కర్రలు తాకించే ఈ ఆటలో గెలుపు ఓటములు లేవు, అవుట్ లేదు, చివరి స్థానం లేదు. కుర్చీలో కూర్చున్న బిడ్డ చేతులతో కర్రలు కలపగలదు. వినికిడి లేని బిడ్డ ఎదుటివారి కదలికను చూసి లయ పట్టగలదు. చూపు లేని బిడ్డ పాటను అనుసరించగలదు. మైదానం లేని హౌరా బడికి వరండా చాలు. 1932లో ఈ పద్ధతిని వికలాంగ బాలలను దృష్టిలో ఉంచుకొని రూపొందించారని చెప్పటం అతిశయోక్తి అవుతుంది. కానీ పోటీ లేని సామూహిక వ్యాయామం ఎంతమందిని ఇముడ్చుకోగలదో దాని నిర్మాణమే చూపుతున్నది.

హౌరా జిల్లాలోని బేలూరులో ప్రధాన కేంద్రం గల రామకృష్ణ మిషన్ వివేకానంద విద్యా పరిశోధన సంస్థ 2005లో డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా పొందింది. వికలాంగులకు అనువుగా మలచిన వ్యాయామ విద్యకు, యోగాకు ఆ సంస్థ కోయంబత్తూరు ప్రాంగణంలో ప్రత్యేక విభాగమే ఏర్పడింది. సెరెబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల విద్య కోసం 1974లో మొదలైన సంస్థ నదికి ఆవల కలకత్తాలో ఉంది. అంటే తెలిసినవారు దూరంగా లేరు. వారి విజ్ఞానం ఇరుకు సందులోని సర్కారు బడి టీచరు దాకా ప్రవహించటమే జరగవలసింది.

ఒక్కరోజు పండుగ చాలదు

శీతకాలం రాగానే పశ్చిమ బెంగాల్ ప్రాథమిక పాఠశాలల్లో వార్షిక క్రీడల సందడి మొదలవుతుంది. బడి స్థాయి నుంచి సర్కిల్, సబ్ డివిజన్, జిల్లా, రాష్ట్ర స్థాయి వరకు మెట్లు మెట్లుగా పోటీలు సాగుతాయి. పరుగు, గెంతులతోపాటు నేల మీది బంగాళాదుంపలను ఏరి బుట్టలో వేసే 'ఆలూ దౌడ్' వంటి సరదా పందేలు ఉంటాయి. డిసెంబర్ 3న అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవం సందర్భంగా ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు విడిగా క్రీడలు నిర్వహించటం దేశమంతటా రివాజు. బహుమతులు, మిఠాయిలు, ఫొటోలు ఉంటాయి. మర్నాడు బిడ్డ మళ్ళీ గట్టు మీదికి చేరుతుంది.

విడిగా జరిపే పోటీలు వద్దనటం సరికాదు. అంధుల కోసం 1946లో రూపుదిద్దుకున్న గోల్‌బాల్, తీవ్ర శారీరక వైకల్యం ఉన్నవారు ఆడే బోషియా వంటి క్రీడలకు వేరే వేదికలు అవసరమే. కానీ సంవత్సరంలో ఒక రోజు వేరుగా ఆడించటం తక్కిన రోజుల్లో కలిసి ఆడించకపోవటానికి సాకు కారాదు. బోషియాలో తెల్ల బంతికి వీలైనంత దగ్గరగా తమ బంతులను చేర్చటమే లక్ష్యం. కాగితాలను ఉండ చుట్టి దారం బిగిస్తే బంతులు సిద్ధం. తరగతి గదిలో బల్లలు జరిపి 40 మందీ ఆడదగిన ఆట అది. వికలాంగుల ఆటను అందరూ ఆడటం కూడా సహిత విద్యలో భాగమే.

భయాలు, జాగ్రత్తలు

ఉపాధ్యాయుల భయాన్ని తేలికగా కొట్టిపారేయటానికి వీల్లేదు. బిడ్డ పడి దెబ్బ తగిలితే తల్లిదండ్రులకు, అధికారులకు జవాబు చెప్పవలసింది తామే. కొన్ని సందర్భాల్లో జాగ్రత్త నిజంగానే తప్పనిసరి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కొందరికి మెడ ఎముకల కీలు వదులుగా ఉంటుంది కాబట్టి వైద్యుని సలహా లేకుండా పల్టీలు కొట్టించకూడదు. హిమోఫిలియా ఉన్న బాలుణ్ణి ఒకరినొకరు ఢీకొనే ఆటల్లో దింపరాదు. సికిల్ సెల్ వ్యాధి ఉన్నవారికి ఎండలో అలసట, దాహం ప్రమాదకరం. మూర్ఛ వచ్చే బిడ్డను ఎత్తు ఎక్కించేటప్పుడు, నీటిలోకి దింపేటప్పుడు పెద్దలు పక్కనే ఉండాలి.

అయితే ఈ జాగ్రత్తలన్నీ ఏ ఆట వద్దో చెబుతున్నాయే గానీ, ఆటే వద్దని చెప్పటం లేదు. విద్యా సంవత్సరం ఆరంభంలో తల్లిదండ్రులను, వైద్యుణ్ణి అడిగి ప్రతి బిడ్డకూ ఒక చీటీ రాసుకుంటే సరిపోతుంది. అందులో 'ఏం చేయకూడదు' అన్న గడితోపాటు 'ఏం చేయగలదు' అన్న గడి తప్పక ఉండాలి. మన బడుల్లో ఇప్పటిదాకా లోపించినది ఆ రెండో గడియే.

కొలమానం సైతం మారవలసి ఉంది. ఖేలో ఇండియా కార్యక్రమం కింద చిన్న తరగతుల పిల్లల దేహ దారుఢ్యాన్ని అంచనా వేయటానికి ఒంటికాలిపై నిలబడే పరీక్ష ఒకటుంది. కాలిపరుతో నడిచే బిడ్డకు ఆ పరీక్ష ఏం చెబుతుంది? నిరుటి కంటే ఈ ఏడు ఎంతసేపు నిలబడగలిగింది, ఎన్ని అడుగులు ఎక్కువ వేయగలిగింది అని బిడ్డను తనతోనే పోల్చినప్పుడు మార్కుకు అర్థం ఉంటుంది.

కల్లెడ చెప్పిన పాఠం

ఒక ఉపాధ్యాయుని చూపు ఏం చేయగలదో తెలుగువారికి దగ్గరి ఉదాహరణ ఉంది. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ గ్రామంలో 2003లో పుట్టిన జీవాంజి దీప్తి మేధోపరమైన వైకల్యం కారణంగా చిన్ననాడు ఊరివారి వెక్కిరింతలకు గురైంది. బడిలో వ్యాయామోపాధ్యాయుడు ఆమెలోని పరుగును గుర్తించారు. ఆ తర్వాత శిక్షకుడు నాగపురి రమేశ్ ఆమెకు తర్ఫీదు ఇచ్చారు. 2024లో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 400 మీటర్ల పరుగును 55.07 సెకన్లలో ముగించి ఆమె ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం సాధించింది. ఆ క్రీడల్లో భారత్ గెలిచిన 29 పతకాల్లో అదొకటి. బెంగాల్ విషయానికి వస్తే, రెండు కాళ్ళూ కోల్పోయిన మసూదుర్ రహమాన్ బైద్య 1997లో ఇంగ్లిష్ చానల్ ఈది చరిత్రకెక్కారు.

ప్రతి బిడ్డా పతకం తేవాలని ఎవరూ కోరరు. కోరటం న్యాయం కూడా కాదు. లెక్కలు నేర్చిన ప్రతివారూ రామానుజన్ కానక్కరలేదు. కానీ దీప్తి చదివిన బడిలో ఆమెను గట్టు మీద కూర్చోబెట్టి ఉంటే ఆ పరుగు సంగతి ఆమెకే తెలిసేది కాదన్నది మరువరాదు. అటువంటి గట్ల మీద కూర్చొని బాల్యం గడిపిన పిల్లల సంఖ్యను ఏ జనగణనా లెక్కించలేదు.

చేయవలసినది

విధాన పత్రాలకు కొదవ లేదు. 2020 నాటి జాతీయ విద్యావిధానం క్రీడలను బోధనలో అంతర్భాగం చేయాలన్నది. 2023 నాటి జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం వ్యాయామ విద్యను ఇతర సబ్జెక్టులతోపాటు ఒక బోధనా విషయంగా నిలిపింది. ఇక మిగిలినవి చిన్న పనులే. ప్రాథమిక ఉపాధ్యాయ శిక్షణలో ఆటలను మలచే పద్ధతిని కాగితం మీద కాక మైదానంలో నేర్పాలి. ఇప్పటికే పనిచేస్తున్న ఉపాధ్యాయులకు సర్కిల్ స్థాయిలో, తెలుగు రాష్ట్రాల్లో అయితే మండలాల్లోని భవిత కేంద్రాల ద్వారా, ఫిజియోథెరపిస్టులు, ప్రత్యేక ఉపాధ్యాయుల తోడ్పాటుతో తర్ఫీదు ఇప్పించాలి. వార్షిక క్రీడల్లో ప్రతి పందెంలోనూ జోడీగా పాల్గొనే విభాగం చేర్చాలి. తనిఖీకి వచ్చే అధికారి ఆటస్థలం ఉందా అని మాత్రమే కాక, అందులో ఆడనివారు ఎవరు, ఎందుకు అని అడగాలి. ప్రాథమిక తరగతులకు వ్యాయామ బోధకుడు అక్కరలేదన్న విద్యాహక్కు చట్టపు ఊహను పునస్సమీక్షించాలి.

హౌరా ఆటగాళ్ళకు కరవు లేని గడ్డ. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత ఫుట్‌బాల్ జట్టుకు నాయకుడైన శైలేన్ మన్నా ఈ ఊరివాడే. నగర స్టేడియం నేడు ఆయన పేరే మోస్తున్నది. 2022 కామన్‌వెల్త్ క్రీడల్లో బరువులెత్తి బంగారం తెచ్చిన అచింత షెవులి ఈ జిల్లాలోని దేవుల్‌పూర్‌లో జరీ పనిచేసే కుటుంబంలో పుట్టాడు. ఆ గొప్పతనానికి వన్నె తెచ్చేది మరో పతకమే కానక్కరలేదు. పాఠశాల గంట మోగినప్పుడు గట్టు ఖాళీగా మిగిలితే, చెప్పులకు కాపలా కాసేవారు ఎవరూ లేకపోతే, అదే ఆ ఊరికి అసలైన గెలుపు. ఆ గెలుపుకు కొత్త మైదానం అవసరం లేదు. ఉన్న ముంగిట్లో ఒక సుద్ద గీతను కొంచెం జరపటానికి సిద్ధపడే ఉపాధ్యాయుడు, ఆయనకు అండగా నిలిచే ప్రభుత్వం ఉంటే చాలు.